క్రిమినల్ కేసు కాగితాలు సివిల్ దావాలో పెట్టవచ్చా?

ప్రశ్న (పరకాల): పరకాలలోని మా నాన్న స్థలాన్ని చిన్నాన్న దొంగ సంతకంతో తన కొడుకు పేరిట రిజిస్ట్రేషన్ చేయించాడు. నాన్న పోయాక సంగతి బయటపడింది. 2022లో నేను ఫిర్యాదు ఇచ్చాను, చార్జిషీటు కూడా వేశారు. దస్తావేజు రద్దు కోసం ఇప్పుడు హనుమకొండ కోర్టులో దావా నడుస్తోంది. సాక్షుల వాంగ్మూలాలు, ఫోరెన్సిక్ నివేదిక, కొందరి బ్యాంకు వివరాలు ఉన్న చార్జిషీటు జిరాక్సును ఒకాయన నా చేతికిచ్చాడు. అవి రహస్య పత్రాలని, బయటపెడితే నా మీదే కేసు పెడతామని చిన్నాన్న తరఫు వకీలు బెదిరిస్తున్నాడు. నిజమేనా?

జవాబు 1: చార్జిషీటు అందరికీ అందుబాటులో ఉండేదే కదా. ధైర్యంగా పెట్టండి.

జవాబు 2: నేను కోర్టు నకళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పై సలహా వినకండి. చార్జిషీట్లు పబ్లిక్ పత్రాలు కావని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అలాగని వకీలు గారి మాటా నిలవదు. పోలీసు వాంగ్మూలాల వాడకంపై పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ పెట్టిన నిషేధం ఆ నేర విచారణ వరకే. సివిల్ వ్యవహారాలకు అది అడ్డు కాదని భాగల్‌పూర్ ఖైదీల కళ్లు పొడిచిన కేసులో సుప్రీంకోర్టు 1981లోనే తేల్చింది.

ఆ జిరాక్సు మాత్రం దాఖలు చేయకండి. ఎవరిచ్చారని జడ్జి అడిగితే మీ దగ్గర జవాబుండదు. ఫిర్యాదుదారుగా మేజిస్ట్రేటు కోర్టులో సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టండి. అసలు దస్తావేజును పోలీసులు స్వాధీనం చేసుకున్నారా? అయితే అది ఆ కోర్టు రికార్డులోనే ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 13 రూల్ 10 కింద ఆ రికార్డు తెప్పించమని అఫిడవిట్‌తో పిటిషన్ వేయించండి. దావాకు ప్రాణం ఆ కాగితమే, నివేదిక తరువాతి సంగతి.

ప్రశ్న అడిగినవారు: సంతకం నాన్నది కాదని నివేదికలో స్పష్టంగా ఉంది. ఇక గెలిచినట్టేనా?

జవాబు 2: అంత తొందర వద్దమ్మా. నివేదిక రాసిన నిపుణుణ్ణి బోనెక్కించి, అవతలివాళ్లు అడ్డుప్రశ్నలు వేశాకే దానికి బలం. సాక్షులు కూడా సివిల్ కోర్టుకు వచ్చి మళ్లీ చెప్పాలి. చిన్నాన్నకు శిక్ష పడినా, పడకపోయినా ఆ తీర్పుకు సివిల్ జడ్జి కట్టుబడనక్కరలేదు. ఇతరుల ఖాతా నంబర్లు కొట్టేసి దాఖలు చేయడానికి అనుమతి అడగండి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక్క పేజీ కూడా పెట్టకండి. నకలు దరఖాస్తు మీద సీసీ నంబరు, అంటే మేజిస్ట్రేటు కోర్టు ఆ క్రిమినల్ కేసుకిచ్చిన నంబరు, రాయడం మరవకండి. మా విభాగం నుంచి తిరిగి వెళ్లిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం అది లేనివే.