సమస్యాపూరణం: నీరు లేక చారు నిండె కుండ

వింతగా తోచే చివరి పాదం ఇస్తే, దానికి అర్థం కుదిరేలా పై మూడు పాదాలు రాయడమే పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

*నీరు లేక చారు నిండె కుండ*

సముద్రపు చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలతో, ఆ కాలంలో దొరికే తాజా కూరగాయలతో ఇంట్లో కాచుకునే చారే వస్తువు. ఛందస్సు ఎంత సరిగ్గా ఉండాలో వంట కూడా అంత సరిగ్గా ఉండాలి. పద్యంలో చెప్పినట్టు వండితే కుండ నిజంగా నిండాలి.

మొదటి పూరణ

ముక్కకోసి యుప్పు ముందుగా చల్లంగ
సొర టమాట లూరె సోన వోలె
మూత పెట్టి యుంచ మోస్తరు సెగపైన
నీరు లేక చారు నిండె కుండ

*నిర్వాహకుడు:* చాలా బాగుందమ్మా. సమస్యలోని వింతకు సూటి జవాబు ఇచ్చారు. సొరకాయలోనూ టమాటాలోనూ దాదాపు 95 శాతం నీరే. ఉప్పు తగిలితే ఆ నీరు బయటికొస్తుంది, మూత ఉంటే ఆవిరై పోకుండా మళ్లీ కుండలోకే జారుతుంది. మూడో పాదంలోని 'మోస్తరు సెగ' నాకు బాగా నచ్చింది. పెద్ద మంట మీద పెడితే రసం ఊరేలోపే అడుగంటుతుంది. అయితే ఇది పండిన టమాటాకూ లేత సొరకాయకూ చెల్లుతుంది. కాలం కాని కాలంలో దొరికే గట్టి టమాటాలతో ఇంత చారు రాదు.

రెండో పూరణ

ఎండలందు తోట యేటికి వాడెనో
రొయ్యతోడ కాయ రుచిగ నుడుక
ఏమి జరిగె నంచు నింతి నడుగగాను
నీరు లేక, చారు నిండె కుండ

*నిర్వాహకుడు:* క్రమాలంకారం చక్కగా కుదిరింది. మొదటి ప్రశ్నకు (తోట ఎందుకు వాడింది?) 'నీరు లేక', రెండోదానికి (రొయ్యా కాయా ఉడికితే ఏం జరిగింది?) 'చారు నిండె కుండ' అని వరుసగా జవాబులు వచ్చాయి. గణాలు (గురులఘువుల లెక్క), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) సరిపోయాయి. కానీ నీరు లేని చారు ఎలా వచ్చిందన్న ఆశ్చర్యాన్ని ఇది తప్పించుకుని వెళ్లింది. అందుకే ఈ రెంటిలో మొదటి పూరణకే నా ఓటు.

*ఒక సభ్యురాలు:* అన్నయ్యగారూ, రొయ్యనూ కాయనూ కలిపి ఉడికించకండి. కాయ మెత్తబడే సరికి రొయ్య రబ్బరవుతుంది. కాయ ఉడికాక వేస్తే రొయ్యకు రెండు మూడు నిమిషాలు చాలు. రంగు మారి వంపు తిరగగానే దించేయాలి.

మూడో పూరణ

రొయ్య పొట్టు తలలు నూనెలో వేయించి
గంటె నీళ్లు పోసి కాచి వంచి
చేప వేసి దింప జేజేలు కొట్టిరే
నీరు లేక చారు నిండె కుండ

*నిర్వాహకుడు:* అందరూ పారేసే పొట్టును, తలలను పద్యంలోకి తెచ్చారు, సంతోషం. చారుకు రంగు, వాసన వచ్చేది వాటివల్లే. రెండు లోపాలున్నాయి. మొదటి పాదంలో 'రొ'కు 'నూ'తో యతి చెల్లదు. రెండో పాదంలో మీరే నీళ్లు పోశారు, ఇక 'నీరు లేక' అనడం ఎలా?

*కవి సవరణ:*

రొయ్య తలలు పొట్టు రుచిగాను వేయించి
తగ టమాట రసము దాన పోసి
చేప వేసి దింప జేజేలు కొట్టిరే
నీరు లేక చారు నిండె కుండ

*నిర్వాహకుడు:* ఇప్పుడు యతీ కుదిరింది, సమస్యా తీరింది. చేప వేసే ముందు పొట్టు వడకట్టాలని పద్యంలో లేకపోయినా వంటలో మరవకండి.

నాలుగో పూరణ

కడలి జలము దాచు గట్టి చిప్పలు వేడి
తగిలి నోరు తెరచి తమదు రసము
వెలికి విడువ, రొయ్య వెల్లుల్లి తోడుగా
నీరు లేక చారు నిండె కుండ

*నిర్వాహకుడు:* అద్భుతం! ఈ వారం పూరణల్లో ఇదే మేటి. సముద్రాన్ని చిప్పలోంచి కుండలోకి దింపారు. 'వేడి' దగ్గర పాదం ఆగి, 'తగిలి నోరు తెరచి' అని సాగడంలో చిప్ప తెరుచుకోవడం కళ్లకు కట్టింది.

*మరో సభ్యుడు:* పద్యానికి నమస్కారం. వండేవాళ్ల కోసం ఒక మాట. పచ్చిగా ఉన్నప్పుడే నోరు తెరిచి, తట్టినా మూసుకోని చిప్పలను పారేయాలి. తెరుచుకోగానే దించి, ఆ రసాన్ని పలుచని గుడ్డలో వడకట్టాలి, ఇసుక ఉంటుంది. కాస్త చారే వస్తుంది కదా అని బెంగ వద్దు, చిక్కటి రుచి దానిలోనే ఉంది.

*మొదటి పూరణ పంపిన సభ్యురాలు:* నా సొరకాయ ముక్కల్లో ఈ చిప్పలు కూడా వేయవచ్చా?

*నిర్వాహకుడు:* తప్పకుండా వేయండమ్మా. కుండ త్వరగా నిండుతుంది కూడా. చిప్పల రసంలో సముద్రపు ఉప్పు ఉంటుంది కాబట్టి ఆ రోజు మీ మొదటి పాదంలోని ఉప్పు మానేసి, చారు దించేటప్పుడు రుచి చూసి వేసుకోండి.