డిశ్చార్జ్ సమ్మరీలో తప్పు పడితే ఎవరితో దిద్దించాలి?

మల్కాజ్‌గిరి అబ్బాయి:
మా బాపుకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. సమ్మరీలో "షుగర్ 12 ఏళ్లుగా" అని కొట్టారు. బయటపడి రెండేళ్లే! ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని నాలుగేళ్లు. ఆ ఒక్క లైను పట్టుకుని టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయింలు చూసే సంస్థ) వాళ్లు జబ్బు దాచారంటూ క్లెయిం ఆపేశారు. కౌంటర్‌లో అడిగితే "సమ్మరీ లాక్ అయింది, మారదు" అంటున్నారు. మా బావేమో వైట్నర్ పెట్టి జిరాక్స్ తీయమంటాడు. ఫొటో పెట్టాను, చూడండి.

రికార్డ్ రూమ్ పెద్దమనిషి:
తమ్మీ, ముందుగాల ఆ ఫొటో తీసెయ్. బాపు పేరు, ఫోన్ నంబర్, ఐపీ నంబర్ అన్నీ కనిపిస్తున్నయ్. బావ మాట అసలే వినకు, అది ఫోర్జరీ అయితది.

నేను రిటైర్ అయ్యేదాక ఎంఆర్‌డీల, అంటే దవాఖాన రికార్డ్ రూమ్‌లనే పనిచేసిన. సమ్మరీ దిద్దేది కౌంటర్ పిల్లగాడు కాదు, సంతకం పెట్టిన డాక్టర్. అయితే ఆయన దగ్గరికి ఉత్త చేతులతోని పోకు. మొత్తం కేస్ షీట్ కాపీ కావాలని బాపు సంతకంతోని ఎంఆర్‌డీల అర్జీ పెట్టు, అందినట్టు ముద్ర ఏయించుకో. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్ల ఇయ్యాలె. అండ్ల క్యాజువాలిటీల (ఎమర్జెన్సీల) రాసిన మొదటి పేజీ చూడు. తప్పు ఎక్కువగా ఆడనే పుడుతది, తర్వాతోళ్లంత దాన్నే ఎక్కిస్తరు. షుగర్ మొదట తేలినప్పటి రిపోర్టు, పాలసీకి ముందు చేయించిన టెస్టులుంటే అవి గూడ జతచెయ్.

సనత్‌నగర్ లాయరమ్మ:
2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మన వివరాల్లో తప్పు దిద్దించుకునే హక్కు ఉంది కదా?

రికార్డ్ రూమ్ పెద్దమనిషి:
ఉన్నదమ్మా. కానీ రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయ్, ఆ హక్కు అమలుకు 18 నెలల గడువు పెట్టిండ్రు. క్లెయిం అప్పటిదాక ఆగదు.

సనత్‌నగర్ లాయరమ్మ:
అదీ నిజమే. బాబూ, ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి కూడా ఇప్పుడే రాసిపెట్టండి. నెలలో తేల్చకపోతే లక్డీకాపూల్ దగ్గర ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసుంది, ఫీజు లేదు.

మల్కాజ్‌గిరి అబ్బాయి:
ఫొటో తీసేశాను అంకుల్. కేస్ షీట్ దొరికింది. క్యాజువాలిటీ పేజీలో 2 అనే ఉంది! ముందు ఒక గీత, దాన్ని 1 అనుకుని టైప్ చేసినట్టున్నారు. డాక్టర్ గారు ఒప్పుకున్నారు, పాతది తీసేసి కొత్త సమ్మరీ ఇస్తామంటున్నారు. ఆభాలో (ప్రభుత్వ డిజిటల్ హెల్త్ ఖాతాలో) కూడా పాతదే కనిపిస్తోంది.

రికార్డ్ రూమ్ పెద్దమనిషి:
పాతది తీసేయనియ్యకు! టీపీఏ దగ్గర దాని కాపీ ఉండనే ఉన్నది, రెండోది చూస్తే నకిలీ అంటరు. "ఫలానా తేదీ సమ్మరీల 12 అని పడింది, కేస్ షీట్ ప్రకారం 2" అని సవరణ పత్రం రాయించు. తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్, ముద్ర ఉండాలె. క్యాజువాలిటీ పేజీ దానికి జతచేసి పంపు. ఆభాల రికార్డు ఉండేది దవాఖాన సిస్టంలనే, సవరించింది మళ్ల లింక్ చేయమని వాళ్లనే అడుగు.