ముహుర్ముహుర్లుఠదభంగ: ‘లుఠ’యా, ‘లుల’యా?

తుంగభద్ర: బెర్లిన్ ఆల్టే నేషనల్ గ్యాలరీలో జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ వేసిన ఆల్ప్స్ కొండ బొమ్మ ‘వాట్స్‌మన్’ (1824–25) చూసినప్పటి నుంచి మనుచరిత్రలోని పెద్దన పద్యం వెంటాడుతోంది, కాళ్లకు పాదలేపం పూసుకుని హిమాలయం చేరిన ప్రవరుడు ఆ కొండను చూసే పద్యం. కింద గోధుమరంగు బండలు, నడుమ పచ్చటి చరియలు, పైన తెల్లగా మెరిసే శిఖరం. ‘అటజని కాంచె’ దానంతటదే నోటికొచ్చింది గానీ రెండో పాదంలో ఆగిపోయాను. ‘ముహుర్ముహుర్లుఠదభంగ’ అనా, ‘ర్లులదభంగ’ అనా? మా తాతగారు ‘లుల’ అని చదివినట్టు గుర్తు. రెండూ లఘువులే, గణం తేల్చదు.

గోదారిగట్టు: ‘లుఠ’యే అండీ. లుఠత్ అంటే దొర్లేది, లులత్ అంటే ఊగేది. శిఖరం నుంచి పడే ఏటి అలలు దొర్లుతాయి గానీ ఊగవు. పైగా పక్కనే మృదంగం ఉంది. ఆ ‘ఠ’ తీసేస్తే దెబ్బ ఏదీ?

పాతపుస్తకం: మృదంగానికి ‘ఠ’ అక్కర్లేదు. అభంగ, తరంగ, మృదంగ అని మూడుసార్లు మోగించాడు, చాలదూ! నేనూ ‘లుఠ’ వైపే, కారణం వేరు. ‘అభంగ’ అన్నాడు కదా, తెంపు లేకుండా దొర్లే అలకే ఆ విశేషణం నప్పుతుంది.

సానువు: అందరూ నాలుగో పాదం వదిలేశారు. ‘కటక చరత్కరేణు’, అంటే కొండ నడుమున తిరిగే ఏనుగు, ఆడదా, మగదా? అమరకోశం ‘కరేణురిభ్యాం స్త్రీ నేభే’ అని రెండూ ఒప్పుకుంది. నేను ఆడ ఏనుగే అంటాను. చెట్టును తొండంతో కదిపిందంతే, కంపిత సాలము. మదపుటేనుగైతే పెకలించేసేది.

ఇంతకీ తుంగభద్ర గారూ, మీ బొమ్మలో నీళ్ల చప్పుడు ఉందా? ఝరి కావాలంటే అదే కొండను లూడ్విగ్ రిష్టర్ 1824లో వేశాడు, మ్యూనిక్‌లో ఉంది. అందులో వాగు దూకుతుంది.

తుంగభద్ర: లేదండీ. మనిషి లేడు, జంతువు లేదు. పద్యంలో కాంచడానికి ప్రవరుడున్నాడు, ఇక్కడ చూసేది మనమే. పైగా ఫ్రీడ్రిష్ ఆల్ప్స్ ఎన్నడూ చూడలేదు. శిష్యుడు ఆగస్ట్ హైన్రిష్ వేసిన నీటిరంగుల చిత్రాన్ని బట్టి ఆ శిఖరం వేశాడు. ముందున్న బండ జర్మనీలోని హార్ట్స్ కొండల్లో తాను ఎప్పుడో గీసుకున్నది.

పాతపుస్తకం: విజయనగరంలో కూర్చుని పెద్దన హిమవంతాన్ని కట్టిందీ అలాగేనని నా నమ్మకం. అయినా చూపు ఎలా నడిపాడో చూడండి! అంబరచుంబి అని పైన మొదలుపెట్టి, ఏటి వెంట దింపి, అలల మృదంగానికి ఆడే నెమళ్ల దగ్గర కాసేపు ఆపి, కటకం దగ్గర వదిలాడు. ఫ్రీడ్రిష్ బండల దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కించాడు.

గోదారిగట్టు: నమ్మకం ఆధారం కాదు. కొండ నడుముకు కటకమనే మాట అంత కచ్చితంగా పడిందంటే చూసి ఉంటాడనే నేనంటాను.

పాతపుస్తకం: ఆ మాట అమరంలోనే ఉంది, కొండ ఎక్కనక్కర్లేదు.

సానువు: అన్నిటికంటే గొప్ప మాట చివరిది, ‘శీతశైలము’. మంచు సోకి పాదలేపం కరగబోతోందని అక్కడే సూచించాడు.

గోదారిగట్టు: సూచన కాదండీ, అక్కడ గురువు కావాలి. ‘హిమశైలము’ అంటే గణం చెడుతుంది.

సానువు: గణం కోసమే అయితే పెద్దనకు మాటలు కరువా? యతి ‘కంపిత’తోనే తీరిపోయింది, ‘శీ’ దగ్గర ఆయన చెయ్యి పట్టుకున్నవారెవరూ లేరు.