బెంగళూరు దగ్గర ఫార్మ్‌స్టేనా, రిసార్టా? మూడేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పి ఉన్న తాతగారు: బుక్ చేసే ముందు ఏం అడగాలి?

వైట్‌ఫీల్డ్_నాన్న:
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో రెండు రాత్రులు ఊరి బయట ఉండి రావాలనుకుంటున్నాం. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, మా అమ్మా నాన్నా. నాన్నగారు పది మెట్లకు మించి ఎక్కలేరు. అమ్మకు బీపీ మందులున్నాయి. ఇల్లు వైట్‌ఫీల్డ్‌లో. కనకపుర రోడ్డు, రామనగర వైపు చాలా పేర్లు కనిపిస్తున్నాయి. నంది కొండ వైపూ ఉన్నాయి. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి: కొలను, ఊయల, మేకపిల్లలు. ఫలానా చోటు బాగుందని చెప్పడం కన్నా, ఏది మాకు సరిపోతుందో తేల్చుకోవడం ఎలాగో చెప్పండి. ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలి? ఎక్కడ తేడా వస్తుంది?

హోస్కోటే_దారి:
ముందు దిక్కు తేల్చుకోండి. వైట్‌ఫీల్డ్ నుంచి కనకపుర రోడ్డుకు వెళ్ళాలంటే సిల్క్ బోర్డు మీదుగానో, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర నైస్ రోడ్డు ఎక్కో నగరాన్ని సగం చుట్టాలి. సెలవు మొదలయ్యే రోజు మూడేళ్ళ పాపతో అది వద్దు. మీకు తూర్పు, ఉత్తరం దగ్గర. హోస్కోటే వెళ్ళి అక్కణ్ణించి శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు మీద దేవనహళ్ళి వైపు తిరిగితే నగరంలోకి రానక్కర్లేదు. నంది, చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం అన్నీ ఆ దారికి అందుతాయి. ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి. శని, ఆదివారాల్లో తెల్లవారుజామున సూర్యోదయం చూడ్డానికి నంది కొండకు బారులు తీరే బండ్ల మధ్య మాత్రం ఇరుక్కోకండి.

ఈ వైపు ఇంకో లాభం ఉంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఊళ్ళవాళ్ళు తెలుగు మాట్లాడతారు. వంటావిడకు మీ అమ్మగారే నేరుగా చెప్పుకోవచ్చు, కారం తగ్గించమనో, పాపకు పాలల్లో చక్కెర వేయొద్దనో. పెద్దవాళ్ళకు ఇది చాలా పెద్ద సౌకర్యం. మీ నాన్నగారు కొండ ఎక్కనక్కర్లేదు. కింద నంది గ్రామంలో భోగనందీశ్వర ఆలయం చాలావరకు చదునైన నేల మీదే ఉంటుంది. కోనేటి మెట్లు దిగకపోతే సరి. ఉదయం ఎండెక్కకముందే వెళ్ళండి, రాతి నేల మీద చెప్పుల్లేకుండా నడవాలి.

ఇక ఫోన్‌లో. "గ్రౌండ్ ఫ్లోరేనా?" అని అడిగితే అవునంటారు. వెళ్ళి చూస్తే వరండాకు ఐదు మెట్లు, గుట్ట మీది భోజనశాలకు ఇంకో ఇరవై. అందుకని కారు దిగిన చోటు నుంచి మంచం వరకు ఎన్ని మెట్లు, గది నుంచి భోజనశాలకు ఎంత దూరం, దారి సిమెంటా, గుండ్రాళ్ళా అని విడివిడిగా అడగండి. ఆ దారినీ, బాత్రూమ్‌నూ చూపించే ఒక చిన్న వీడియో వాట్సాప్‌లో పంపమనండి. పంపడానికి వెనకాడే చోటును వదిలేయడమే మేలు. బాత్రూమ్‌లో వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకోవడానికి కడ్డీ, నేల జారని టైలు: ఈ మూడూ వీడియోలో కనిపించాలి.

రెండో ప్రశ్న: ఆ తేదీల్లో గ్రూప్ బుకింగ్ ఉందా, ఎంతమంది? వంద మంది కంపెనీ వాళ్ళు దిగితే కొలను, రెయిన్ డ్యాన్స్, బఫే అన్నీ వాళ్ళవే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు మోగించకూడదని చట్టం ఉంది, కానీ మీ పాప పడుకునేది ఎనిమిదికి కదా. వీలైతే ఆదివారం మధ్యాహ్నం చేరి మంగళవారం బయల్దేరండి. ఆదివారం సాయంత్రానికి సందడి సగం తగ్గిపోతుంది. కొన్నిచోట్ల సోమవారం కొలను శుభ్రం చేయడానికి మూసేస్తారు, అదీ కనుక్కోండి.

చెక్ఇన్ రెండింటికి, చెక్అవుట్ పదకొండింటికి అయితే ఒక రాత్రంటే ఇరవై ఒక్క గంటలే. రెండు రాత్రులనుకున్నారు, మంచి పని చేశారు.

కొలను_గట్టు:
నీళ్ళ సంగతి నేను చెబుతాను. ఎక్కువ భయపడాల్సింది అక్కడే.

"కిడ్స్ పూల్ ఉందా?" అని కాదు, "ఎన్ని అడుగుల లోతు?" అని అడగండి. చాలాచోట్ల పిల్లల కొలనంటే పెద్ద కొలనులోనే ఒక మూల. నేల వాలుగా ఉంటుంది, రెండడుగులు వెనక్కి జరిగితే పాప మునుగుతుంది. విడిగా కట్టినది, ఒకటిన్నర, రెండడుగుల లోతుది కావాలి. చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉంటే ఇంకా మంచిది. గదికి ఆనుకుని సొంత కొలను ఉన్న విల్లాలు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. మూడేళ్ళ పాప ఉన్న ఇంటికి నేనైతే సిఫార్సు చేయను. తలుపు తీస్తే నీళ్ళే. తప్పదంటే ఆ తలుపుకు పాపకు అందని ఎత్తులో గడియ ఉందో లేదో చూసుకోండి.

దిగే ముందు నీళ్ళు చూడండి. అతి లోతైన చోట అడుగున ఉన్న డ్రెయిన్ మూత స్పష్టంగా కనబడాలి. మసకగా ఉంటే దిగొద్దు, మునిగిన పిల్ల కూడా కనబడదు. మూత విరిగి ఉన్నా దిగొద్దు, మోటారు లాగుడుకు జుట్టు చిక్కుకుంటుంది. ఘాటైన క్లోరిన్ వాసన శుభ్రతకు గుర్తు కాదు. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిస్తే పుట్టే వాసన అది.

మునిగే పిల్లలు అరవరు. చప్పుడు లేకుండా కిందికి పోతారు. అందుకని పెద్దవాళ్ళు ఒక్కొక్కరు పావుగంట చొప్పున కాపలాకు వంతు వేసుకోండి. ఆ పావుగంట ఫోన్ ఇంకొకరి చేతిలో, పాప మీ చేతికి అందేంత దూరంలో. చేతులకు తొడిగే గాలి బెలూన్లు ఆటవస్తువులే, జారిపోతాయి. బరువుకు సరిపడే లైఫ్ జాకెట్ అక్కడ లేకపోతే మీరే తీసుకెళ్ళండి. నైలాన్ బట్టలు అందరికీ పెట్టుకోండి, నూలు బట్టల పీచు ఫిల్టర్‌కు అడ్డం పడుతుందని కాటన్‌తో దిగనివ్వరు. ఉరుము వినబడితే అందరూ బయటికి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. దసరాకు సాయంత్రం వానలు మామూలే కాబట్టి ఈత ఉదయానికే పెట్టుకోండి.

కొలను కన్నా ప్రమాదం ఫార్మ్‌స్టేలో ఇంకొకటి ఉంది: కృషి హొండ. కోలారు, చిక్కబళ్ళాపురం పొలాల్లో వాననీళ్ళు నిలవచేయడానికి తవ్వి, లోపల ప్లాస్టిక్ షీటు పరిచిన గుంట. ఒడ్డు ఏటవాలు, షీటు మీద పాచి. జారితే ఈతొచ్చిన పెద్దవాడికి కూడా పట్టు దొరకదు. తోటలో హొండ ఉందా, చుట్టూ కంచె ఉందా, గేటుకు తాళం వేస్తారా అని తప్పక అడగండి. కంచె లేదంటే ఆ చోటు వదిలేయండి. ఈ విషయంలో బేరం లేదు.

పల్లె_గాలి:
రాత్రి విషయాలు. కరెంటు పోతే యూపీఎస్ మీద లైట్లు, ఫ్యాన్లు మాత్రమే నడుస్తాయి. గీజర్, ఏసీ, ఎలక్ట్రిక్ కెటిల్ నడవవు. జనరేటర్ ఉందా, రాత్రంతా వేస్తారా అని అడగండి.

వేడినీళ్ళు సోలారైతే ముందురోజు ఎండను బట్టి. ఆరుగురూ షవర్ పెట్టుకుంటే చివరివాళ్ళకు చన్నీళ్ళే, బకెట్లతో కానివ్వండి. గ్యాస్ గీజర్ అయితే అది బాత్రూమ్ బయట ఉండాలి. లోపలే బిగించి, కిటికీ మూసి స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, స్పృహ తప్పేదాకా తెలియదు. అలాంటిదే ఉంటే కిటికీ తెరిచి బకెట్ నింపుకోండి, గీజర్ ఆపి, గాలి ఆడనిచ్చి అప్పుడు పిల్లల్ని లోపలికి పంపండి.

వానలకు ఉసుళ్ళు లైటు మీదికి వస్తాయి. చీకటి పడగానే వరండా లైటు ఆపితే గదిలోకి రావు. వాటికోసం కప్పలు, కప్పల కోసం పాములు. కంగారు వద్దు, కానీ ఎవరినీ నేలమీద పరుపు వేసి పడుకోనివ్వకండి. "ఎక్స్‌ట్రా బెడ్" అంటే చాలాచోట్ల నేలమీది పరుపే, మంచం కావాలని ముందే చెప్పండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కాటు నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే దోమలతో పాటు దీనికీ అడ్డే. బయట అడుగుపెడితే టార్చి, బూట్లు దులిపి తొడుక్కోవడం. ఏదైనా కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలు కదల్చకుండా 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో వెళ్ళిన రోజే అడిగి రాసుకోండి.

ద్రాక్షతోటల్లో పిల్లల్ని కాయలు కోసి తిననివ్వొద్దు, మందు ఎప్పుడు కొట్టారో రైతుకే తెలుస్తుంది. కుక్క కరిచినా, గీరినా సబ్బుతో ధారనీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు తీసుకెళ్ళండి.

వైట్‌ఫీల్డ్_నాన్న:
హొండ గురించి అస్సలు తెలియదండీ. దిక్కు మార్చేశాను, చిక్కబళ్ళాపురం వైపే చూస్తున్నాం. ఇంకొక్కటి: ఒకచోట గదికి 7,400, ఇంకోచోట 7,600 చెప్పారు. రెండూ దాదాపు ఒకటే కదా? తిండి కూడా కలిపే అంటున్నారు.

హోస్కోటే_దారి:
ఒకటి కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గదికి రోజుకు 7,500 రూపాయల వరకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే మొదటిది 7,770, రెండోది 8,968. పన్ను కలిపిన మొత్తమే అడగండి. ఆ మొత్తం గదికా, తలకా? పాపకు ఉచితమా, బాబుకు సగమా? ఇవన్నీ రాతలో తెప్పించుకోండి.

తిండి కలిపే అంటే ఏ ప్లానో అడగండి. సీపీ అంటే టిఫిన్ మాత్రమే, ఎంఏపీ అంటే టిఫినూ ఒక పూట భోజనమూ, ఏపీ అంటే మూడు పూటలూ. రాత్రి బఫే ఎనిమిదికి మొదలుపెట్టే చోట ఏడింటికే పాపకు పెరుగన్నం ఇస్తారా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. ఇస్తామన్నా కందిపొడి, నెయ్యి సంచిలో పెట్టుకోండి. ఇక్కడి సాంబారులో బెల్లం పడుతుంది, పిల్లలకు నచ్చుతుంది గానీ మీ నాన్నగారి సంగతి చెప్పలేను.

అడ్వాన్స్ కట్టే ముందు రద్దు చేస్తే ఎంత వెనక్కి ఇస్తారో, తేదీ మార్చుకోవచ్చో చూడండి. మూడేళ్ళ పిల్లకు బయల్దేరే రోజు ఉదయమే జ్వరం రావచ్చు, కాబట్టి తేదీ మార్చుకోనిచ్చే చోటుకు మూడు నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి.