అసలు డిస్క్ ఉన్నా నో-సీడీ క్రాక్ వాడితే దొంగతనమేనా?

పాతడిస్కు: 2003 నాటి గేమ్. పెట్టె, సీరియల్ నంబరు అన్నీ నా దగ్గరే ఉన్నాయి. విండోస్ 10లో ఇన్‌స్టాల్ అవుతుంది, ఐకాన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. డిస్కు అసలుదో కాదో చూసే సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ వల్లనట. ఆ తనిఖీని తప్పించే నో-సీడీ ఫైల్ (క్రాక్) వేయగానే తెరుచుకుంది. తప్పంటారా?

నిక్కచ్చి: తప్పే. ఎవరు వాడినా క్రాక్ క్రాకే.

బగ్గుబాబు: జీఓజీ అనే ఆన్‌లైన్ గేముల షాపులో డీఆర్ఎం (కాపీ రక్షణ తాళం) లేకుండా అమ్ముతున్నారేమో చూడు.

పాతడిస్కు: కొన్నదాన్నే మళ్ళీ కొనాలా?

కెర్నల్: అసలు సంగతి వినండి. సేఫ్‌డిస్క్ ఉన్న డిస్కులో కావాలనే చదవడానికి వీల్లేని సెక్టార్లు పెట్టేవారు. మామూలుగా కాపీ తీస్తే ఆ లోపం కాపీలోకి రాదు, దాంతో గేమ్ మొరాయిస్తుంది. దీన్ని తనిఖీ చేసే డ్రైవర్ విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో నడిచేది. మామూలు యూజర్ కూడా సిస్టమ్ మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకోగల లోపం 2007లో అందులో బయటపడింది. 2015లో విండోస్ 10లో ఆ డ్రైవర్‌ని పెట్టనేలేదు. అదే సెప్టెంబరులో కేబీ3086255 అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలోనూ ఆపేశారు. 7లో అయితే ఆ సర్వీస్‌ని మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు, ప్రమాదం మీదే.

పాతడిస్కు: విన్నారా? తాళం వేసింది వాళ్ళు, తాళంచెవి పారేసింది వాళ్ళు, దొంగని నేను!

నిక్కచ్చి: మీ డిస్కు ఒరిజినల్ అని మాకేం తెలుసు?

పాతడిస్కు: మధ్యలో నా డిస్కు మీద పడ్డారేంటి?

బగ్గుబాబు: వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్) పాత విండోస్ ఎక్స్‌పీ వేసి నెట్ పీకేయ్. గొడవే ఉండదు.

పాతడిస్కు: వేశాను. 3డీ నత్తనడక. అయినా ఆ రోజుల్లో క్రాక్ వేసుకున్నవాడు హాయిగా ఆడాడు. కొన్న మేం డిస్కు అరిగేదాకా తిప్పాం, ఇప్పుడు ఇదీ బహుమతి.

నిక్కచ్చి: ఈ "కొన్న మేం" కబుర్లు నాకు చెప్పొద్దు. నేనూ ఓ చిన్న సాఫ్ట్‌వేర్ రాసి అమ్మాను. పనిచేయట్లేదని ఎంతమంది మెయిల్ పెట్టారో! సీరియల్ నంబర్ పంపమంటే అందరిదీ ఒకటే నంబరు. పైగా "కొన్నాం కదా, సాయం చేయరా" అని దబాయింపు. అమ్మకాలు పడిపోయి మూసేశాను.

పాతడిస్కు: అంటే వాళ్ళ మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారన్నమాట. సరే, మీరు మూసేశాక నిజంగా డబ్బిచ్చినవాళ్ళు ఏమైపోవాలి?

నిక్కచ్చి: నేను మూసేసినంత మాత్రాన హక్కు పోతుందా?

పాతడిస్కు: కాపీలు అమ్ముకునే హక్కు మీదే, ఎవరు కాదన్నారు? నేను కొన్న డిస్కు నా మిషన్‌లో నడవకూడదనే హక్కు కూడా మీదేనా?

నిక్కచ్చి: నడవకుండా చేసింది విండోస్.

కెర్నల్: గేమ్ కంపెనీ ఆ తనిఖీ తీసేసిన చిన్న ప్యాచ్ ఇస్తే సరిపోయేది. కొన్ని గేములకు ఇచ్చారు కూడా.

నిక్కచ్చి: ఆ ప్యాచ్ వస్తే ముందు దించుకునేది కొననివాళ్ళే.

పాతడిస్కు: వాళ్ళ దగ్గర క్రాక్ ఎప్పటినుంచో ఉందండీ!

బగ్గుబాబు: అన్నట్టు ఆ నో-సీడీ ఫైల్ ఎక్కడ దొరికింది? నాకు దొరికినవన్నీ యాంటీవైరస్ మింగేస్తోంది.

మోడరేటర్: లింకులు పెడితే థ్రెడ్ లాక్.