స్కూల్ డిస్ట్రిక్ట్ వార్షిక లక్ష్యాలను ఎలా నిర్ణయించాలి? తల్లిదండ్రుల కమిటీలో ఏమడగాలి?

ప్రశ్న: కమిటీలో కొత్తగా చేరిన తల్లి, బే ఏరియా, కాలిఫోర్నియా

అందరికీ నమస్కారం. మా పిల్లలిద్దరూ ఇక్కడి పబ్లిక్ స్కూల్లోనే చదువుతున్నారు. పెద్దవాడు ఏడో తరగతి, చిన్నది మూడో తరగతి. ఈ ఏడాది మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థ) వారు నన్ను తల్లిదండ్రుల సలహా కమిటీలోకి తీసుకున్నారు. కాలిఫోర్నియాలో ప్రతి డిస్ట్రిక్టూ మూడేళ్లకొకసారి రాసుకుని, ఏటా సవరించుకోవలసిన ఎల్‌క్యాప్ అనే ప్రణాళిక గురించి ఇక్కడివారికి తెలిసే ఉంటుంది. దాని ముసాయిదా చదివి అభిప్రాయం చెప్పడం మా కమిటీ పని. గత ఏడాది ప్రతిని రెండుసార్లు చదివాను. చదివిన కొద్దీ సందేహాలు పెరిగాయే తప్ప తగ్గలేదు.

“ప్రతి విద్యార్థీ కాలేజీకి, ఉద్యోగానికి సిద్ధమయ్యేలా నాణ్యమైన బోధన అందించడం” అన్నది అందులో మొదటి లక్ష్యం. దాంతో ఎవరికీ పేచీ ఉండదు. కానీ ఏడాది గడిచాక అది ఎంతవరకు నెరవేరిందో ఎవరు, దేన్ని చూసి చెబుతారో నాకు అర్థం కాలేదు. దాని కింద ఉన్న పట్టికలో ఇంగ్లిష్‌కూ గణితానికీ, అన్ని వర్గాల పిల్లలకూ కలిపి, రాష్ట్ర పరీక్షల్లో ఇన్ని పాయింట్లు పెరగాలని ఒకే అంకె వేశారు. ఆ అంకె ఎలా వచ్చిందని మొదటి సమావేశంలో అడిగితే, సాధించదగినదిగా ఉండాలని అలా పెట్టామన్నారు. అంతకంటే వివరంగా చెప్పేవారు ఆ గదిలో కనబడలేదు.

మా డిస్ట్రిక్ట్ సగటు ఫలితాలు బాగానే ఉంటాయి. తెలిసిన తెలుగు కుటుంబాలవారు “మన పిల్లలకు ఎలాగూ ఇబ్బంది లేదు, ఆ కాగితాలతో మీకెందుకండీ” అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. కమిటీలో కూర్చున్నప్పుడు నా పిల్లల కోసం మాత్రమే కూర్చోలేదు కదా. ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు, ఏడాది లక్ష్యాన్ని ఎలా పరీక్షించాలో, ఏ ప్రశ్నలు అడిగితే ప్రయోజనం ఉంటుందో చెప్పగలరా?

సమాధానం 1: రెండేళ్లు ఇటువంటి కమిటీలో పనిచేసిన తండ్రి, ఈస్ట్ బే

నమస్కారమండీ. ఆ అంకె ఎలా వచ్చిందన్న ప్రశ్నను వదిలిపెట్టకండి. సమాధానం వచ్చేవరకు ప్రతి సమావేశంలోనూ అడగండి.

ఈ ప్రణాళిక ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని చదవడం సులువవుతుంది. 2013లో కాలిఫోర్నియా తన స్కూళ్ల నిధుల పద్ధతిని మార్చింది. ప్రతి విద్యార్థికీ మూల నిధి ఇస్తూ, తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవారికి, ఫాస్టర్ కేర్‌లో (సొంత తల్లిదండ్రుల దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో) ఉన్నవారికి అందులో 20 శాతం అదనంగా కలిపింది. ఈ మూడు వర్గాల పిల్లలు మొత్తంలో 55 శాతం దాటిన చోట ఇంకొంత కలుస్తుంది. ఆ అదనపు సొమ్ము ప్రధానంగా ఆ పిల్లలకే ఉపయోగపడాలి. ఎలా ఉపయోగపడుతుందో డిస్ట్రిక్ట్ ఎల్‌క్యాప్‌లో చెప్పాలి. అందువల్ల అన్ని వర్గాలకూ ఒకే అంకె వేయడం ఈ ప్రణాళిక పుట్టిన కారణానికే విరుద్ధం. ఒక వర్గం సగటు, ఆ తరగతికి పరీక్షలో అందుకోవలసిన ప్రమాణానికి 60 పాయింట్లు దిగువన, ఇంకొకటి 70 పాయింట్లు ఎగువన ఉన్నాయనుకోండి. రెండూ పదేసి పాయింట్లు పెరిగితే లక్ష్యం నెరవేరినట్టే లెక్క, కానీ మధ్యనున్న 130 పాయింట్ల అంతరం అలాగే ఉంటుంది.

నేనైతే ముసాయిదా కన్నా ముందు స్కూళ్ల పనితీరును రంగుల్లో చూపిస్తూ రాష్ట్ర విద్యాశాఖ ప్రచురించే డ్యాష్‌బోర్డును తెరిచేవాడిని. అందులో ఎరుపు నుంచి నీలం వరకు అయిదు రంగులు ఉంటాయి. ఈ ఏటి స్థాయిని, నిరుటి కన్నా వచ్చిన మార్పును కలిపి రంగును నిర్ణయిస్తారు. డిస్ట్రిక్ట్ మొత్తానికి నీలం వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. స్కూలు స్కూలుకూ, వర్గం వర్గానికీ వెళ్లి చూసి, ఎరుపు, నారింజ రంగులు ఎక్కడెక్కడ వచ్చాయో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ కాగితాన్ని ముసాయిదా పక్కన పెట్టుకుని చదవండి. 2024–27 ప్రణాళికకు సంబంధించి, 2023 డ్యాష్‌బోర్డులో ఎరుపు వచ్చిన ప్రతి స్కూలుకూ, ప్రతి వర్గానికీ నిర్దిష్టమైన చర్యలు రాయాలన్నది నిబంధన. ఆ చర్య మీద ఎంత ఖర్చు పెట్టారు, దాంతో ఏం మారింది అని అడిగే హక్కు మీకుంది.

ఎల్‌క్యాప్ నమూనాలోనే మూడు రకాల లక్ష్యాలకు చోటుంది: విస్తృత లక్ష్యం, ఒకే సమస్య మీద కేంద్రీకరించిన లక్ష్యం, ఉన్న స్థాయిని నిలుపుకునే లక్ష్యం. మీరు ఉదహరించినది మొదటి రకం. దాన్ని తీసేయమని పోరాడటంలో ప్రయోజనం తక్కువ. దానికి తోడుగా రెండో రకం లక్ష్యం ఒక్కటి పెట్టించగలిగితే చాలా సాధించినట్టే. ఉదాహరణకు, ఫలానా రెండు స్కూళ్లలో మూడో తరగతి పూర్తయ్యేసరికి ఇంతమంది పిల్లలు తమ తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవాలి, అందుకు ఫలానా వారు ఫలానా నెల నుంచి ఫలానా పని చేస్తారు అన్నట్టుగా.

సమయం విషయంలో నేను పొరపాటు చేశాను, మీరు చేయకండి. మే నెలలో ముసాయిదా చేతికొచ్చాక మాట్లాడదామనుకున్నాను. అప్పటికి బడ్జెట్ ఒక రూపానికి వచ్చేసి, టీచర్ల నియామకాలు నిర్ణయమైపోయాయి. ఆ ఏడాది అమలు ఎలా ఉందో ఫిబ్రవరి నెలాఖరులోగా డిస్ట్రిక్ట్ బోర్డుకు నివేదించాలన్న నియమం ఉంది. మీ ప్రశ్నలు అక్కడే మొదలుకావాలి. జూన్‌లో బహిరంగ విచారణ జరిపి, తర్వాతి సమావేశంలో ఆమోదించి, జులై 1 లోగా ముగిస్తారు. కమిటీ రాతపూర్వకంగా ఇచ్చిన వ్యాఖ్యలకు సూపరింటెండెంట్ రాతపూర్వకంగానే జవాబివ్వాలి. కాబట్టి నోటితో చెప్పి ఊరుకోక, కాగితం మీద పెట్టండి.

సమాధానం 2: నాలుగో తరగతి టీచర్, దక్షిణ కాలిఫోర్నియా

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. తరగతి గది వైపు నుంచి కొన్ని విషయాలు చేర్చాలనుకుంటున్నాను.

నిరుటి మూడో తరగతి ఫలితాన్ని ఈ ఏటి మూడో తరగతితో పోల్చి “మూడు పాయింట్లు పెరిగాం” అని చెప్పడం తరచుగా చూస్తాం. వాళ్లు వేర్వేరు పిల్లలు. కొత్తగా వచ్చిన పిల్లలు ముందే బాగా చదవగలిగినవారైతే మేమేమీ చేయకుండానే అంకె పెరుగుతుంది. కానివారైతే ఎంత కష్టపడినా తగ్గుతుంది. అందుకని, ఇప్పుడు నాలుగులో ఉన్న ఈ పిల్లలే మూడులో ఎక్కడున్నారో చూపించే లెక్కను కూడా అడగండి. డిస్ట్రిక్ట్ దగ్గర అది ఉంటుంది.

ఎక్కువ అంకె పెట్టించడమే మంచి లక్ష్యమని అనుకోవద్దని కూడా మనవి. 2002లో సంతకమైన ఫెడరల్ చట్టం 2013–14 నాటికి దేశంలోని పిల్లలందరూ, అంటే నూటికి నూరుమందీ, చదవడంలోనూ గణితంలోనూ ప్రమాణాన్ని అందుకోవాలని నిర్దేశించింది. ఏ రాష్ట్రమూ అందుకోలేదు. చివరికి మినహాయింపులు ఇస్తూ వచ్చి, 2015 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో వేరొకటి తెచ్చారు. ఆ కాలంలో చాలా స్కూళ్లు, ప్రమాణపు గీతకు కాస్త దిగువన ఉన్న పిల్లల మీదే శ్రమంతా పెట్టాయి. బాగా వెనకబడ్డవారు ఎంత మెరుగైనా ఆ ఏడాది గీత దాటరు కాబట్టి వారు లెక్కలోకి రాలేదు. ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ప్రమాణానికి ఎంత దూరంలో ఉన్నారన్న సగటును చూస్తున్నారు గనుక ప్రతి పిల్లవాడి ప్రతి పాయింటుకూ విలువ ఉంది. మీ ప్రణాళికలో లక్ష్యాన్ని “ఇంత శాతం మంది దాటాలి” అని మాత్రమే రాసి ఉంటే, దూరం కొలతను కూడా చేర్చమని కోరండి.

మన కుటుంబాలకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి. స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంటి భాష గురించి అడిగే ఫారంలో, పిల్లలకు ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే అదనపు పరీక్ష పెడతారన్న భయంతో తెలుగుకు బదులు ఇంగ్లిష్ అని రాసేవారు ఉన్నారు. ఆ పరీక్ష శిక్ష కాదు, బిడ్డకు ఏ సాయం అవసరమో తెలుసుకునే మార్గం. నిజంగా సాయం కావలసిన బిడ్డ ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవారి లెక్కలో లేకపోతే ఏ లక్ష్యమూ ఆ బిడ్డను చేరదు. ఏళ్ల తరబడి ఇంగ్లిష్ నేర్చుకునే దశలోనే నిలిచిపోయిన విద్యార్థులను 2024 డ్యాష్‌బోర్డు నుంచి ప్రత్యేక వర్గంగా చూపిస్తున్నారు. మీ డిస్ట్రిక్ట్‌లో వారెందరు, ఏ స్కూళ్లలో ఉన్నారు, వారికోసం రాసిన లక్ష్యమేమిటి అని అడగండి. సగటు బాగున్న డిస్ట్రిక్టుల్లో వీరి సంఖ్య తక్కువగా ఉండటం వల్లనే వీరిని మరచిపోవడం జరుగుతుంది.

సమాధానం 3: పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

అమ్మా, నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఆరు నెలలుగా ఇక్కడే ఉంటున్నాను. ఇక్కడి పద్ధతులు నాకు పూర్తిగా తెలియవు. అయినా మీ ప్రశ్న చదివాక మా బడి గుర్తొచ్చి రాస్తున్నాను.

మన దగ్గర కూడా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. నేను ఆ బడికి వెళ్లేసరికి హాజరు లక్ష్యం 95 శాతమని ఏటా ఒకే కాగితం తేదీ మార్చి పంపుతున్నారు. ఏడాది సగటు చూస్తే దానికి దగ్గరగానే ఉండేది కూడా. రిజిస్టర్లు ముందేసుకుని నెలవారీగా చూస్తే, మిర్చి కోతల కాలంలో పెద్ద తరగతుల పిల్లలు కొందరు వారాల తరబడి రావడం లేదని తేలింది. తల్లిదండ్రులు కూలికి వెళ్తే చంటిపిల్లలను చూసుకునేది వాళ్లే. కొందరు కోతలకూ వెళ్లేవారు. సగటు అనే దుప్పటి కింద వాళ్లు కనబడలేదు. ఆ తర్వాతి ఏడు లక్ష్యాన్ని శాతంలో రాయడం మానేశాం. ఏ పిల్లలు, ఏ వారాల్లో, ఏ కారణంతో రావడం లేదో పేర్లతో రాసుకుని, చంటిపిల్లలను అంగన్‌వాడీలో ఎక్కువసేపు ఉంచే ఏర్పాటు గురించి ఊరి పెద్దలతో మాట్లాడాం. అందరూ తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం పదో తరగతి దాకా చదివారు.

మీ కమిటీలో పేర్లు అడగలేరు, అడగకూడదు కూడా. కానీ ఏ నెలలు, ఏ కారణాలు అని అడగవచ్చు కదా అమ్మా.

ప్రశ్న అడిగిన తల్లి

మాస్టారికీ మిగతా ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మాస్టారు చెప్పాక హాజరు పట్టిక మళ్లీ తీశాను. డిస్ట్రిక్ట్ మొత్తం మీద పదోవంతు రోజులు లేదా అంతకు మించి బడికి రాని పిల్లల లెక్క అందులో ఉంది, కానీ నెలల వివరం లేదు. మేమే మొన్న డిసెంబరులో పెళ్లికని ఇండియా వెళ్లి, పిల్లలిద్దరినీ మూడు వారాలు బడి మాన్పించాం. ముందే చెప్పి సెలవు తీసుకున్నాం గనుక ఫర్వాలేదనుకున్నాను. ఇది కూడా ఆ లెక్కలోకి వస్తుందా?

సమాధానం 1 రాసిన తండ్రి

వస్తుందండీ. సెలవు మంజూరైందా లేదా అన్నదానితో ఆ లెక్కకు సంబంధం లేదు. చేరి ఉన్న రోజుల్లో 10 శాతం రాకపోతే చాలు. 180 రోజుల బడికి అది 18 రోజులు. సెలవులు పోను మీ ప్రయాణంలో పదో పన్నెండో బడి రోజులు పోయాయనుకుంటే, తర్వాత రెండు జ్వరాలు వస్తే చాలు, హద్దు దాటేస్తారు. ఇక్కడ స్కూళ్లకు నిధులు కూడా సగటు హాజరును బట్టే వస్తాయి. వెళ్లక తప్పనప్పుడు స్వతంత్ర అధ్యయన ఒప్పందం (బడికి రాని రోజుల్లో బయటే చదువుకునేందుకు స్కూలుతో చేసుకునేది) కుదుర్చుకుని, ఇచ్చిన పని పూర్తి చేయిస్తే ఆ రోజులు హాజరుగా పరిగణించే వీలుంది. స్కూలు ఆఫీసులో బయలుదేరకముందే అడగాలి.

కాలిఫోర్నియాలో ఇలా బడికి దూరమైన పిల్లలు 2021–22లో 30 శాతానికి చేరారు. కోవిడ్‌కు ముందు 12 శాతం దగ్గర ఉండేవారు. అందరి కారణమూ ఒకటి కాదు. ఒక స్కూల్లో ప్రయాణాలు, ఇంకో స్కూల్లో ఆస్తమా, మరోచోట బస్సు లేకపోవడం. మాస్టారు చెప్పినట్టు నెలలు, కారణాలు, స్కూళ్లు విడదీసిన పట్టిక కావాలని ఈ వారమే కమిటీ తరఫున రాసి పంపండి. అది ఫిబ్రవరి నివేదికకు ముందే మీ చేతికి వస్తే, ఏ స్కూలుకు ఎంత అంకె పెట్టాలో, ఆ అంకె కోసం ఎవరు ఏం చేయాలో అక్కడే కూర్చుని మాట్లాడుకోవచ్చు.