వసపిట్ట: పిట్ట ముందా, వేరు ముందా?

వసపిట్ట అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందని ఒక సభ్యులు అడిగిన ప్రశ్నకు, “వస తిన్న పిట్ట గనుక ఆపకుండా అరుస్తుంది” అనే సమాధానమే ఎక్కువమంది ఇచ్చారు. వినడానికి ఇంపుగానే ఉన్నా, నాకు అది తరువాత అల్లిన కథలా తోస్తుంది.

వస అన్నది సంస్కృత ‘వచా’ శబ్దానికి వికృతి. దానిలో పలుకుట అనే అర్థం గల ‘వచ్’ ధాతువు స్పష్టంగా వినిపిస్తుంది. అయితే నిఘంటువులు ‘వచా’ అనే మాటకు మనం వస అని పిలిచే ఘాటైన వాసన గల మూలిక వేరుతో పాటు, మాటలు నేర్చే గోరువంక అనే అర్థాన్ని కూడా ఇస్తున్నాయి. కాబట్టి వసపిట్టలోని వస మొదట ఆ పక్షి పేరే అయి ఉండి, ఆ అర్థం మరుగున పడ్డాక జనం దానిని మూలికతో ముడిపెట్టి ఉంటారని నా ఊహ. దీనిని నిరూపించే పాత ప్రయోగమేదైనా ఎవరికైనా కనబడితే చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

పేరులో పలుకు ఉన్నందువల్లనే కాబోలు, వసకొమ్మును సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి, మాటలు త్వరగా రావాలని పసిబిడ్డ నాలుకకు రాసే అలవాటు ఏర్పడింది. దిష్టి తగలకుండా ఆ కొమ్ము ముక్కలను దారానికి గుచ్చి బిడ్డ చేతికి కట్టడం కూడా దక్షిణాదిలో ఉంది. ఆయుర్వేదం వసను తెలివి తప్పినవారికి స్పృహ తెప్పించే ద్రవ్యాలలో చేర్చింది, మేధ్యమని, అంటే బుద్ధిని పెంచేదని, మెచ్చుకుంది. కానీ అదే శాస్త్రం దానిని వాంతి చేయించే ద్రవ్యంగానూ చెప్పి, శుద్ధి చేశాకే వాడమన్నది.

ఈ రెండో సగాన్ని మనం తరచుగా మరచిపోతున్నాం. వస తైలంలోని బీటా అసరోన్ అనే పదార్థం వల్ల ఎలుకలలో కంతులు ఏర్పడినట్లు తేలడంతో, అమెరికా 1968లో ఆహారపదార్థాలలో వస వాడకాన్ని నిషేధించింది. ఉత్తర అమెరికా ఖండానికి చెందిన, రెండు సెట్ల క్రోమోజోములు గల వస రకంలో ఈ పదార్థం దాదాపు ఉండదు. మన ఆసియాలో పెరిగే నాలుగు సెట్ల రకంలోనే అది ఎక్కువగా ఉంటుంది. వస నాకించిన పసిపిల్లలు ఆగకుండా వాంతులు చేసుకుని ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. సానరాయి మీద తీసే గంధానికి మోతాదు కొలత లేదు. అందుచేత, పేరు ఎంత ఆశ కలిగించినా పసినోటికి వస రాయవద్దని, మాటలు ఆలస్యమైతే ముందు బిడ్డ వినికిడిని పరీక్ష చేయించమని గట్టిగా కోరుతున్నాను.

తమిళంలో వసంబు అనే ఈ వసకు ‘పిళ్ళై వళర్ప్పాన్’ అనే ముద్దుపేరుతో పాటు ‘పేర్ సొల్లా మరుందు’, అంటే పేరు పలకని మందు, అనే మరో పేరు కూడా ఉంది. పలుకు తెప్పిస్తుందని నమ్మిన మూలిక పేరునే పలకకూడదనుకోవడం నన్ను చాలా ఆలోచింపజేసింది. తెలుగులో వసకు ఇటువంటి చాటుపేరు విన్నవారు ఉంటే దయచేసి ఇక్కడ తెలియజేయగలరు.